సుబారుకు వెనుక స్వే బార్ మార్చుకున్నాను: ఖర్చు, నిరీక్షణ, ఫలితం

మేము సియాటిల్‌కు ఉత్తరాన బాథెల్‌లో ఉంటున్నాం. నా కారు 2017 మోడల్ సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 2024 వేసవికి ముందు దాని వెనుక స్వే బార్‌ను, అంటే మలుపుల్లో బండి పక్కకు మరీ ఒరగకుండా ఆపే కడ్డీని మార్చాను: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 20 మిల్లీమీటర్లది తీసి, 22 మిల్లీమీటర్లది వేసుకున్నాను. బోల్టులు ఎలా విప్పాలో చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఆ బోల్టుల దగ్గరికి చేరేలోపు ఎన్ని వారాలు గడుస్తాయో, అసలు ఖర్చు ఎక్కడ తేలుతుందో, మార్చిన తరువాత రోజువారీ ప్రయాణంలో ఏం తేడా వస్తుందో వాటిలో అంతగా కనిపించలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మార్చి నెలాఖరులో బ్రెమర్టన్ విమానాశ్రయం పక్కనున్న మైదానంలో ఆటోక్రాస్‌కు వెళ్లాను. సియాటిల్ నుంచి ఫెర్రీలో గంట ప్రయాణం. నారింజ రంగు కోన్ల మధ్య బండిని తిప్పే ఆ పోటీలో నా కారు ప్రతి బిగుతు మలుపులోనూ ఒకే తీరుగా ప్రవర్తించింది. స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు చక్రాలు కీచుమంటూ బయటివైపుకే జారిపోయేవి, బండి ఒక పక్కకు ఒరిగిపోయేది, అది తేరుకునేలోపు తరువాతి కోను మీదికి వచ్చేసేది. పక్క సీట్లో కూర్చున్న అనుభవజ్ఞుడైన పెద్దాయన ఒకరు, దిగాక నా ముందు టైర్ల బయటి అంచు మీద చెయ్యి వేసి చూపించారు. లోపలి వైపు గాడులు కొత్తవాటిలా ఉంటే బయటి అంచు నున్నగా అరిగి, రబ్బరు చిన్న చిన్న ఉండలుగా లేచి ఉంది. "ముందు టైర్లు మార్చు, తరువాత వెనుక బార్ మార్చు, ఆ పైన ఆగు" అన్నది ఆయన సలహా. అప్పటికే టైర్లు మార్చే సమయం దగ్గరపడింది కాబట్టి మొదటి పని ఏప్రిల్ మొదటి వారంలోనే అయిపోయింది. దాని ఖర్చు ఈ లెక్కలో కలపడం లేదు.

వెనుకదే ఎందుకు అన్న సందేహం నాకూ కలిగింది. ముందు చక్రాలు జారుతున్నప్పుడు ముందు బార్‌ను కదా బిగించాలి అనిపించడం సహజం. కానీ మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారుతుంది. వెనుక బార్ బిరుసెక్కి ఆ మార్పులో వెనుక ఇరుసు ఎక్కువ వాటా తీసుకుంటే ముందు ఇరుసుకు ఆ మేరకు ఒత్తిడి తగ్గి, ముందు రెండు చక్రాలూ నేలను మరింత సమానంగా పట్టుకుంటాయి. వెనుక పట్టు కొంచెం తగ్గుతుంది, ముందు పట్టు కొంచెం పెరుగుతుంది, బండి తిరగడానికి ఒప్పుకుంటుంది. ఇక మందం సంగతి: కడ్డీ బిరుసు దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, 20 నుంచి 22కు వెళ్లడం చూపుకు 2 మిల్లీమీటర్లే అయినా లెక్కకు 46 శాతం. 24 మిల్లీమీటర్లది కూడా దొరుకుతుంది. అది రెట్టింపుకు మించిన బిరుసు. సంవత్సరంలో సగం రోజులు రోడ్డు తడిగా ఉండే ఊళ్లో అంత సాహసం అక్కరలేదనుకున్నాను. ఆటోక్రాస్‌లో పెద్దగా మార్పులు చేయని రోడ్డు కార్లకు ఉండే స్ట్రీట్ తరగతి నిబంధనలు కూడా ముందుదో వెనుకదో ఒక్క బార్‌ను మాత్రమే మార్చుకోనిస్తాయి.

ఏప్రిల్ 9న ఆర్డరు పెట్టాను. బార్ 238 డాలర్లు, దానిని సస్పెన్షన్ చేతులకు కలిపే ఎండ్ లింకుల జత 142 డాలర్లు, పన్నూ, పొడుగు పెట్టె కాబట్టి అదనపు రవాణా రుసుమూ కలిపి 445 డాలర్ల వరకూ అయింది. లింకులు అవసరమా అని చాలామంది అడుగుతారు. పాతవి బాగానే ఉన్నాయి, పడేయనక్కరలేదు అని మొదట నేనూ వాటిని బుట్టలోంచి తీసేయబోయాను. ఎందుకు తీయకపోవడమే మంచిదైందో కింద వస్తుంది.

లింకులు వారంలో వచ్చాయి. బార్ రాలేదు. స్టాకులో ఉందని చూపించినవాళ్లే డబ్బు కట్టిన మూడో రోజున బ్యాక్‌ఆర్డర్, అంటే సరుకు మళ్లీ వచ్చాకే పంపుతాం అని మెయిలు పంపారు. ఏప్రిల్ చివరికల్లా వస్తుందన్నారు, తరువాత మే రెండో వారం అన్నారు. డబ్బు వెనక్కి తీసుకుని వేరేచోట కొందామని చూస్తే అక్కడ 60 డాలర్లు ఎక్కువ. ఈ నిరీక్షణలో విసుగు పుట్టించింది ఆలస్యం ఒక్కటే కాదు. ఏ వారాంతంలో వస్తుందో తెలియక, ఏ పనీ పెట్టుకోలేక, పెట్టుకున్న పనిని వదులుకోలేక ఉండిపోవడం అంతకన్నా చిరాకు పెట్టింది. చివరకు మే 16న వచ్చింది. మా అపార్ట్‌మెంటు పార్సిల్ లాకర్లలో అంత పొడుగు పెట్టె పట్టదు కాబట్టి డెలివరీ మనిషి దానిని ఆఫీసు గోడకు ఆనించి వెళ్లిపోయాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి వానకు అట్ట సగం నాని, ఒక కొన బయటికి పొడుచుకు వచ్చి ఉంది. లోపల నట్లూ బ్రాకెట్లూ ఉన్న సంచి చిరగలేదు, అదృష్టం. ఇలాంటి వస్తువు తెప్పించుకునేవారు ఆ రోజు ఇంట్లో ఎవరైనా ఉండేలా చూసుకోవడం మంచిది.

బార్ వచ్చేలోపు దానిని ఎవరు బిగిస్తారో తేల్చుకోవాలని దగ్గరలోని షెడ్లకు ఫోన్లు చేశాను. ఒకరు కస్టమర్ తెచ్చిన విడిభాగాలు మేం ముట్టుకోం అన్నారు. ఇంకొకరు కూలీ 320 డాలర్లు చెప్పారు. మూడోవారు 280కి చేస్తామంటూనే, ఆ తరువాత వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి, దానికి మరో 160 అన్నారు. స్వే బార్ మార్చడం వల్ల చక్రాల కోణాలు ఏవీ మారవు. అది ఎడమ చక్రం, కుడి చక్రం వేరువేరు ఎత్తుల్లో కదిలినప్పుడు మెలిపడి అడ్డుకునే కడ్డీ మాత్రమే. అలైన్‌మెంటు సర్దుబాటు చేసే బోల్టుల జోలికే ఈ పనిలో వెళ్లం. ఆ మాట నేను అడిగితే అవతలి మనిషి "మా పద్ధతి అంతే" అన్నాడు. అప్పుడే సొంతంగా చేసుకుందామని నిర్ణయించుకున్నాను.

సొంతంగా అంటే ఎక్కడ? మా లీజులో పార్కింగు స్థలంలో బండి రిపేరు చేయరాదని స్పష్టంగా రాసి ఉంది. జాకీ ఎత్తితే చాలు, నోటీసు వస్తుంది. సమామిష్‌లో సొంత ఇల్లున్న మిత్రుడిని అడిగితే "అన్నా, మెమోరియల్ డే వారాంతంలో రా, గ్యారేజీ ఖాళీ చేసి పెడతాను" అన్నాడు. అలా మే 25, శనివారం ఖాయమైంది. జాకీ, స్టాండ్లు అతని దగ్గరే ఉన్నాయి. బోల్టులను కొలిచిన బలంతో బిగించే టార్క్ రెంచిని విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి తెచ్చుకున్నాను. తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తారు. ఈ సౌకర్యం ఇక్కడి మనవాళ్లలో చాలామందికి తెలియదు. తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే, రెండు జతల చేతి తొడుగులు, ఒక హెక్స్ కీ సెట్టు కలిపి ఇంకో 40 డాలర్లు. శుక్రవారం సాయంత్రం పార్కింగులోనే బండి కిందికి చెయ్యి పోనిచ్చి అందినంతవరకు నట్ల మీద ఆ స్ప్రే కొట్టాను. అది రిపేరు కిందికి రాదని నాకు నేను చెప్పుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. వెనుక భాగాన్ని ఎత్తి, రెండువైపులా స్టాండ్లు ఒకే ఎత్తులో పెట్టాం. ఒక చక్రమే ఎత్తితే కడ్డీ మెలిపడి బిగుసుకుపోతుంది. అప్పుడు లింకు విప్పితే ఎగిరి తగలవచ్చు, కొత్తది బోల్టు రంధ్రాలకు అందనే అందదు. ముందు చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూసిన తరువాతే కిందికి దూరాను. నిజం చెప్పాలంటే ఆ మొదటి రెండు నిమిషాలూ పైన ఉన్న ఒకటిన్నర టన్నుల ఇనుము తప్ప మరేదీ తలకెక్కలేదు. కాసేపటికి ఆ బెరుకు పోయింది. చోటు కోసం సైలెన్సర్‌ను పట్టుకున్న రబ్బరు హ్యాంగర్లను సబ్బు నీటితో తడిపి జార్చి, పైపును కొంచెం కిందికి దించాం. బండి అడుగున ఉండే సబ్‌ఫ్రేమ్ అనే చట్రానికి కడ్డీని పట్టి ఉంచే రెండు బ్రాకెట్ల బోల్టులు 14 నంబరు సాకెట్‌తో కిక్కురుమనకుండా వచ్చేశాయి. కుడివైపు లింకు నట్టు కొంత మొరాయించినా వచ్చింది.

ఎడమవైపుది రాలేదు. ఈ లింకుల్లో నట్టు తిప్పుతుంటే దాని లోపలి గుండు మర కూడా కలిసి తిరుగుతుంది. అది తిరగకుండా మధ్యలోని ఆరుపలకల రంధ్రంలో హెక్స్ కీ పెట్టి పట్టుకుని, పానాతో నట్టు తిప్పాలి. ఏడేళ్ల వానా బురదా ఆ చిన్న రంధ్రంలో గట్టిపడి ఉన్నాయి. పిన్నుతో గీకి శుభ్రం చేసి కీ దూర్చాను. అర చుట్టు తిరిగిందో లేదో రంధ్రం అంచులు అరిగి కీ జారిపోయింది. అప్పటికే గ్యారేజీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తున్న మిత్రుడి నాన్నగారు లేచి వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై, ఆరు నెలలకు కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. "వదలకు బాబూ, ముందు ఇంకాస్త బిగించు, తుప్పు విరిగాక అప్పుడు వదులు" అన్నారు. బాబాయి గారి సలహాతో నట్టు ఇంకో రెండు మరలు కదిలింది. ఆ తరువాత నట్టు, గుండు కలిసి గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. పట్టుకారుతో గుండు మెడ పట్టుకుందామంటే దాన్ని కప్పిన రబ్బరు తొడుగు అడ్డం. వేడి చేద్దామంటే పెట్రోలు ట్యాంకు దగ్గర మంట పెట్టడానికి ముగ్గురిలో ఎవరికీ మనసొప్పలేదు.

ఇక్కడే కొత్త లింకులు కొన్న సంగతి పనికివచ్చింది. పాతవి మళ్లీ వాడేది లేదు కాబట్టి, బ్యాటరీ రంపంతో ఆ మరను అడ్డంగా కోసేశాం. రంపం పన్ను ఒకటి విరిగింది, చేతి తొడుగుల మీద ఇనుప రజను మెరిసింది, కాలిన రబ్బరు వాసన వచ్చింది, నట్టు సగం ముక్కతో సహా కాంక్రీటు మీద పడి దొర్లిపోయింది. మొత్తం పనిలో సగం సమయం ఆ ఒక్క నట్టు తినేసింది. లోపలి నుంచి భోజనానికి రెండుసార్లు పిలుపు వచ్చినా కదలలేదు. పాత లింకులనే మళ్లీ బిగిద్దామనుకున్నవారికి ఇలాంటి నట్టు తగిలితే, సెలవు రోజున బండిని స్టాండ్ల మీదే వదిలి విడిభాగం కోసం ఊరంతా తిరగాలి.

పాత కడ్డీని పైపుకూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్యలోంచి మెలికలు తిప్పి ఎడమవైపుకు లాగాం. రెండింటినీ నేల మీద పక్కపక్కన పెడితే తేడా కంటికి సరిగా ఆనలేదు. చేత్తో ఎత్తితే మాత్రం తెలిసింది. బాబాయి గారు కొత్తదాని ధర అడిగి, రూపాయల్లోకి మార్చుకుని, "ఈ కడ్డీకి పంతొమ్మిది వేలా? ఆ డబ్బుతో లారీకి కమాన్లు కట్టించొచ్చు" అన్నారు. కాదనలేకపోయాను.

కొత్త బార్‌తో వచ్చిన పాలియురెథేన్ బుష్‌ల, అంటే బ్రాకెట్లలో కడ్డీని చుట్టి పట్టుకునే ప్లాస్టిక్ దిమ్మల లోపలి గాడుల్లో గ్రీజు దట్టంగా పూయాలి. కిట్‌లో ఇచ్చిన పొట్లం రెండు బుష్‌లకు బొటాబొటీగా సరిపోయింది. మామూలు పెట్రోలియం గ్రీజు పనికిరాదు, సిలికాన్ రకం నీటికి కడుక్కుపోని గ్రీజే వాడాలి. చివర్లలో ఒక్కోవైపు రెండేసి రంధ్రాలు ఉంటాయి. కొనకు దగ్గరగా ఉన్నదానిలో లింకు బిగిస్తే మెత్తన, వంపుకు దగ్గరగా ఉన్నదానిలో బిగిస్తే బిరుసు, ఎందుకంటే అక్కడ మీటపొడవు తగ్గుతుంది. మెత్తని రంధ్రమే ఎంచుకున్నాం. మొదట అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించి, కడ్డీ రెండువైపులా సమానంగా ఉందని, ఎక్కడా పైపుకు తగలడం లేదని చూసుకుని, ఆ తరువాతే టార్క్ రెంచితో సర్వీస్ మాన్యువల్‌లోని లెక్క ప్రకారం బిగించాం. రెండున్నరకు చక్రాలు నేల తాకాయి. ఆవకాయ అన్నం అంత రుచిగా ఈ మధ్యకాలంలో ఎప్పుడూ తినలేదు.

తిరుగు ప్రయాణంలో 405 హైవే ఎక్కే గుండ్రటి ర్యాంపు దగ్గరే తేడా తెలిసింది. వేగం పెంచలేదు, రోజూ వెళ్లే వేగమే. ఇంతకు ముందు స్టీరింగ్ తిప్పడానికీ బండి స్థిరపడడానికీ మధ్య ఒక చిన్న తటపటాయింపు ఉండేది, ముందు ఒరిగి ఆ తరువాత తిరిగేది. ఇప్పుడు ఒరుగుడు మొత్తం పోలేదు గానీ ఆ తటపటాయింపు పోయింది. చేతికి కావలసిన తిప్పుడు కూడా కొంచెం తగ్గింది. ఊహించినంత నాటకీయమైన మార్పు కాదు. కొత్త టైర్లు ఇచ్చిన తేడాతో పోలిస్తే ఇది చిన్నదనే చెప్తాను. అయినా ఆ ర్యాంపు మీద నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

ఇంటికి వచ్చాక రెండో తేడా తెలిసింది, అది అంత సంతోషకరమైనది కాదు. మా కాంప్లెక్సు ప్రవేశద్వారం రోడ్డుకు ఏటవాలుగా ఉంటుంది, అంటే ఒక చక్రం ముందు ఎక్కి రెండోది తరువాత ఎక్కుతుంది. అక్కడ బండి పక్కలకు ఊగడం స్పష్టంగా పెరిగింది. నా భార్య "ఏం చేశారు దీన్ని, తల కిటికీకి కొట్టుకుంటోంది?" అని అడిగింది. అడ్డంగా ఉండే స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం ఏ తేడా లేదు, ఎందుకంటే రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు కడ్డీ తన బుష్‌లలో తిరుగుతుందే తప్ప మెలిపడదు. ఒంటి చక్రం పడే గుంతల్లోనే ఈ ఇబ్బంది. ఎప్పుడూ కుటుంబంతో ప్రయాణించేవారు కొనేముందే దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

వంద మైళ్లు నడిపాక బోల్టులు మళ్లీ బిగించి చూడమని కిట్ కాగితంలో ఉంది. చూశాను, ఎడమ బ్రాకెట్ బోల్టు ఒకటి కాస్త కదిలింది. బీమా సంస్థకు ఫోన్ చేసి మార్పు సంగతి నమోదు చేయించాను, ప్రీమియం పెరగలేదు. నా కారుకు మూడేళ్ల మామూలు వారంటీ ఎప్పుడో ముగిసింది. వారంటీ ఉన్నవారు భయపడనక్కరలేదు గానీ, బయటి విడిభాగం వాడారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని కాదనడానికి వీల్లేదని చెప్పే మాగ్నసన్-మాస్ చట్టం 1975 నుంచి అమల్లో ఉందని తెలుసుకుని ఉండడం మంచిది. ఆ భాగం వల్లే దేనికైనా నష్టం జరిగిందని తేలితే మాత్రం దానికి వారంటీ వర్తించదు.

జూలైలో ఎండలు ముదిరి రోడ్లు ఆరిపోయాక బిరుసు రంధ్రంలోకి మార్చి చూశాను. బండిని జాకీతో ఎత్తకుండా, వెనుక చక్రాలు రెండూ ర్యాంపుల మీదికి ఎక్కించి చేస్తే అరగంట పని. బ్రెమర్టన్ కోన్ల మధ్య బండి నిజంగా కొత్తదానిలా అనిపించింది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా ఎత్తితే చాలు, వెనుక భాగం మెల్లగా బయటికి జరిగి ముక్కు లోపలికి తిరిగేది. మార్చిలో నాతో కూర్చున్న పెద్దాయన మళ్లీ కూర్చుని, తల ఊపి, ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను. బెల్లింగ్‌హామ్‌కు దక్షిణాన సముద్రపు ఒడ్డున కొండ అంచును పట్టుకుని మలుపులు తిరిగే చకనట్ డ్రైవ్ మీద, పరిమితి వేగంలోనే అయినా, ఆ నడక హాయిగా ఉంది.

సెప్టెంబరులో తొలి వానలు పడ్డాక అదే గుణం వేరే ముఖం చూపించింది. పొడి నేల మీద మెల్లగా జరిగే వెనుక భాగం, నూనె తేలిన తడి ర్యాంపు మీద ముందున్న బండి ఆగిందని నేను ఒక్కసారిగా కాలు ఎత్తినప్పుడు, ఉన్నట్టుండి పక్కకు కదిలింది. బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తన దీపం మిణుకుమనిపించి బండిని సర్దేసింది, ఏమీ కాలేదు, కానీ అరచేతులు చెమర్చాయి. ముందు చక్రాలు జారితే కాలు ఎత్తడం అందరికీ సహజంగా వచ్చే పని, అది పరిస్థితిని చక్కదిద్దుతుంది. వెనుక చక్రాలు జారేటప్పుడు అదే పని పరిస్థితిని చెడగొడుతుంది. కంపెనీలు బండిని ముందువైపు జారేలా తయారుచేసి పంపేది అందుకే. ఆ వారాంతంలోనే మెత్తని రంధ్రానికి తిరిగి వచ్చాను. ఈ ప్రాంతంలో అక్టోబరు నుంచి మే వరకూ అదే సరైనదని నా అభిప్రాయం, సరదా కావాలంటే వేసవిలో మార్చుకోవచ్చు.

నవంబరులో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిన ఉదయాల్లో వెనుక నుంచి పాత మంచం కిర్రుమన్నట్టు చప్పుడు మొదలైంది. బుష్‌లలో గ్రీజు తగ్గిందన్నమాట. బ్రాకెట్లు విప్పి, బుష్‌లు తుడిచి, 12 డాలర్ల గ్రీజు ట్యూబుతో మళ్లీ పూస్తే పోయింది. ఏడాదికొకసారి ఈ పని తప్పదని అనిపిస్తోంది. ఫ్యాక్టరీ రబ్బరు బుష్‌లకు ఈ బెడద లేదు. పాత బార్, బుష్‌లు, బ్రాకెట్లు మిత్రుడి గ్యారేజీ అటక మీద భద్రంగా ఉన్నాయి. బండి అమ్మేటప్పుడు కొనేవారు ఫ్యాక్టరీ సరుకే అడిగితే తిరిగి బిగించి, 22 మిల్లీమీటర్లదాన్ని విడిగా అమ్ముకోవచ్చు. వాడిన బార్‌లు ఇక్కడ కొన్న ధరలో సగానికి సులువుగానే పోతున్నాయి.